మీకు తెలుసా? ముందు నీళ్లు, తర్వాతే నిప్పు

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పాత ఇళ్ల పెరళ్లలో రాగి బాయిలరు ఇప్పటికీ కనిపిస్తుంది. దాని నడుమ నిలువునా ఒక గొట్టం ఉంటుంది. నిప్పు గొట్టంలో, నీళ్లు దాని చుట్టూ. రాగి ఇనుము కంటే దాదాపు 5 రెట్లు చురుగ్గా వేడిని అందిస్తుంది కాబట్టి కాసిని పుల్లలతోనే నీళ్లు మరుగుతాయి.

చాలా బాయిలర్లకు పైన గరాటు ఉంటుంది. అందులో చెంబుడు చన్నీళ్లు పోస్తే అవి అడుక్కి దిగి, పైకి తేలిన వేన్నీళ్లను కొమ్ములోంచి బయటికి నెడతాయి. ఎన్ని బకెట్లు పట్టినా లోపల నీరు తగ్గదు, గొట్టం మునిగే ఉంటుంది. ఎంత తెలివైన అమరికో చూడండి! అడుగున కుళాయి ఉన్న రకానికి ఈ రక్షణ లేదు. నీళ్లన్నీ పట్టేశాక నిప్పు మిగిలితే ఒట్టి గొట్టం కాలి అతుకులు ఊడిపోతాయి. విదేశాల్లో కట్టెలతో కాచే స్నానపు తొట్లకూ ‘ముందు నీళ్లు, తర్వాతే నిప్పు’ అన్నదే నియమం.

కోనసీమలో కొబ్బరికి కొదవలేదు. ఎండిన కొబ్బరాకు రాజేయడానికి, చిప్పలు పెద్ద మంటకి, డొక్కలు నిప్పు నిలవడానికి. పచ్చి డొక్క పొగ తప్ప ఏమీ ఇవ్వదు. రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు మాత్రం వాడొద్దు, ఆ పొగ విషం.

జపాన్‌లో ‘గోయెమొన్‌బురో’ అనే ఇనుప కాగులో మనిషే దిగి కూర్చుంటాడు. అడుగున మంట. నీటిపై తేలే చెక్క మూతను పాదాలతో కిందికి తొక్కి, దానిమీదే కూర్చుంటారు కనుక ఒళ్లు కాలదు.

తొట్టి స్నానానికి 40 డిగ్రీలు దాటకూడదు. 60 డిగ్రీల నీళ్లు తగిలితే పెద్దవాళ్ల చర్మమే 5 సెకన్లలో తీవ్రంగా కాలుతుంది, పసివాళ్లది ఇంకా త్వరగా. అందుకే బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాతే వేన్నీళ్లు కలపాలి. ఒక పాలు 60 డిగ్రీల నీటికి ఒకటిన్నర పాళ్లు 25 డిగ్రీల నీళ్లు కలిపితే 39 డిగ్రీలకు వస్తుంది. గర్భిణులు, గుండెజబ్బు, బీపీ ఉన్నవారు ఇంకా గోరువెచ్చగా పోసుకోవడం మేలు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కంటికి కనబడదు. ముసురు పట్టిందనో, చలిగా ఉందనో బాయిలరును స్నానాలగదిలోకి తెచ్చి తలుపేస్తే, నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ కమ్ముతుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, ఆపై స్పృహ తప్పడం. పొగ లేని ఎర్రటి నిప్పులతోనూ ఈ ముప్పు ఉంది.

భోగికి కూడా బాయిలరు పెరట్లోనే వెలిగించండి, వేన్నీళ్లు మాత్రమే లోపలికి తెచ్చుకోండి.