పోరాట వీడియో ఆటల పోటీలలో మానసిక సన్నద్ధత

పోరాట వీడియో ఆటల పోటీలలో మానసిక సన్నద్ధత అనగా, ఇద్దరు ఆటగాళ్ళు తెరపై తమ పాత్రలను నడిపిస్తూ ముఖాముఖి తలపడే పోటీలలో కలిగే కంగారును, భయాన్ని, అత్యుత్సాహాన్ని అదుపులో ఉంచుకొని, అభ్యాసంలో పట్టుబడిన విద్యను వేదికపై కూడా ప్రదర్శించగలగడం. స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్, గిల్టీ గేర్, మోర్టల్ కాంబాట్ మొదలైనవి ఈ కోవకు చెందిన ఆటలు. ఇంటివద్ద ఎంతటివారినైనా ఓడించే ఆటగాడు పోటీలో తొలి గంటలోనే వెనుదిరగడం ఈ రంగంలో తరచుగా కనిపించే విషయం. దానిని ధైర్యలోపంగా భావించి "భయపడకు" అని సలహా ఇచ్చేవారు అనేకులు. ఆ సలహా వలన ప్రయోజనం స్వల్పం. అనుభవజ్ఞులైన ఆటగాళ్ళకు కూడా గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి. కనుక భయం ఉన్నదా లేదా అన్నదానికంటె, ఆ సమయంలో ఆటగాని దృష్టి దేనిపై నిలిచి ఉన్నది అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

పోటీల స్వరూపం

ఈ పోటీలు ఎక్కువగా "డబుల్ ఎలిమినేషన్" పద్ధతిలో జరుగుతాయి. ఒకసారి ఓడినవారు ఓడినవారి వరుసలోనికి మారతారు. రెండవసారి ఓడినవారు పోటీనుండి నిష్క్రమిస్తారు. తొలి దశలలో మూడింట రెండు ఆటలు, చివరి దశలలో అయిదింట మూడు ఆటలు గెలిచినవారు విజేతలు. ఒక్కొక్క ఆట మరల కొన్ని రౌండ్లుగా విభజింపబడి ఉంటుంది. పేరు పిలిచేవరకు గంటల తరబడి వేచి ఉండి, తీరా కూర్చున్న తరువాత అయిదారు నిమిషాలలో అంతా ముగిసిపోవడం ఇక్కడ మామూలు. క్రికెట్‌లో వలె తప్పును సరిదిద్దే జట్టు సభ్యుడు ఎవరూ ఉండరు. పరిచయం లేని కుర్చీ, వేరొకరి తెర, వెనుక నిలబడి అరిచే ప్రేక్షకులు దీనికి అదనం. పొరపాటున విరామపు మీట నొక్కినందుకు రౌండును కోల్పోయే నియమం కూడా చాలా పోటీలలో కలదు. వణికే వేళ్ళకు ఇది చిన్న ప్రమాదం కాదు.

ఈ పోటీలలో సుప్రసిద్ధమైన "ఈవో" 1996లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో "బ్యాటిల్ బై ది బే" అన్న పేరుతో ఆరంభమై, 2002లో ఎవల్యూషన్ అన్న పేరు దాల్చింది. 2005లో లాస్ వేగాస్‌కు తరలింది. 2023లో అక్కడ స్ట్రీట్ ఫైటర్ 6 పోటీలో 7,000కు పైగా ఆటగాళ్ళు పేర్లు నమోదు చేసుకున్నారు. వారిలో ఒక్కరు తప్ప తక్కిన వారందరూ ఓటమితోనే ఇంటికి వెళ్ళారు. ఈ చిన్న లెక్కను ముందుగానే గుర్తుంచుకున్న ఆటగాడు ఓటమిని అవమానంగా కాక, ఆటలోని సాధారణ ఫలితంగా చూడగలుగుతాడు.

శరీరంలో కలిగే మార్పులు

ఉద్వేగ సమయంలో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. చర్మానికి దగ్గరగా ఉన్న రక్తనాళాలు కుంచించుకొనుట వలన చేతివేళ్ళు చల్లబడి బిగుసుకుంటాయి. చేతులను వెచ్చగా ఉంచే చిన్న సంచులను జేబులో వేసుకొని పోటీలకు వచ్చే ఆటగాళ్ళు ఉండడానికి కారణం ఇదే. అర చేతులలో చెమట, ఎండిన నోరు, మాటిమాటికి మూత్రవిసర్జనకు వెళ్ళాలనిపించడం కూడా ఈ స్థితి లక్షణాలే. ఇవి వ్యాధి చిహ్నాలు కావు. శరీరం శ్రమకు సిద్ధమవుతున్నదని మాత్రమే వీటి అర్థం.

ఉద్వేగం పూర్తిగా లేకపోవడం కూడా మంచిది కాదు. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అను శాస్త్రవేత్తలు ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో, సులభమైన పనికి ఎక్కువ ఉద్రేకం తోడ్పడుతుందని, కష్టమైన పనికి మితమైన ఉద్రేకమే మేలని తేలింది. పోరాట ఆటలో ఈ రెండు రకాల పనులు కూడా ఉన్నవి. వేల సార్లు సాధన చేసిన దెబ్బల వరుసను వేళ్ళు తమంతట తామే పూర్తిచేస్తాయి. ఎదుటివాని అలవాటును కనిపెట్టి ఎత్తు మార్చడం మాత్రం ప్రశాంతమైన బుద్ధిని కోరుతుంది. కంగారు ముందుగా దెబ్బతీసేది ఈ రెండవదానినే. తత్ఫలితంగా ఆటగాడు తనకు తెలియకుండానే ఒకే ఎత్తును పదే పదే వేస్తాడు. ఆటగాళ్ళ పరిభాషలో దీనికి "ఆటోపైలట్" అని పేరు.

కాలము, దృష్టి

ఈ ఆటలలో కాలాన్ని "ఫ్రేము"లలో లెక్కిస్తారు. సెకనుకు 60 ఫ్రేములు. అనగా ఒక ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు. కంటికి కనిపించిన దానికి ముందే సిద్ధంగా ఉన్న మనిషి స్పందించడానికి ఉజ్జాయింపుగా 200 నుండి 250 మిల్లీసెకన్లు, అనగా 12 నుండి 15 ఫ్రేములు పడుతుంది. స్ట్రీట్ ఫైటర్ 6లో "డ్రైవ్ ఇంపాక్ట్" అన్న దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది. లెక్క ప్రకారం దీనిని చూసి తిప్పికొట్టడానికి కావలసినంత సమయం ఉన్నది. అభ్యాసంలో, అది వస్తుందని తెలిసినపుడు, దాదాపు అందరూ తిప్పికొట్టగలరు. పోటీలో మాత్రం మంచి ఆటగాళ్ళు కూడా దానికి చిక్కుతారు.

కారణం చేతుల వేగం తగ్గడం కాదు. ఎంచుకోవలసిన ప్రత్యామ్నాయాలు పెరిగిన కొద్దీ స్పందన ఆలస్యమవుతుందని 1952లో విలియం హిక్ ప్రయోగపూర్వకంగా చూపాడు. ప్రత్యర్థి ఎగురుతాడా, విసురుతాడా, క్రింది దెబ్బ వేస్తాడా, డ్రైవ్ ఇంపాక్ట్ వాడతాడా అని ఒకేసారి నాలుగు దిక్కులా చూస్తున్న బుద్ధికి ఏ ఒక్కటీ వేళకు అందదు. ఆటగాళ్ళు ఈ భారాన్ని "మెంటల్ స్టాక్" అంటారు. దానిపై "వెనుక ఎవరు చూస్తున్నారు", "ఈ ఆట పోతే ఏమవుతుంది" అన్న ఆలోచనలు కూడా వచ్చి చేరితే చెప్పవలసినదేమున్నది? కంగారు నిజానికి ఆటగాని దృష్టిలో కొంత భాగాన్ని దొంగిలించుకుపోతుంది.

దీనికి సంబంధించి మరి రెండు పరిశోధనలు ప్రస్తావింపదగినవి. ఇతరుల సమక్షంలో మనిషి బాగా అలవడిన పనిని మరింత బాగా, సరిగా అలవడని పనిని మరింత హీనంగా చేస్తాడని 1965లో రాబర్ట్ జాయంక్ ప్రతిపాదించాడు. నిన్న నేర్చిన కిటుకు వేదికపై విఫలం కావడానికి, ఏళ్ళనాటి సాధన అక్కరకు రావడానికి ఇది చక్కని వివరణ. ఒత్తిడిలో ఉన్న మనిషి తన కదలికలను తానే గమనించుకోవడం మొదలుపెట్టినపుడు, అలవాటుగా సాగిపోవలసిన పని తడబడుతుందని 1984లో రాయ్ బామైస్టర్ ప్రచురించిన పరిశోధన తెలిపింది.

తెలుగువారికి ఇటువంటి పరీక్ష క్రొత్త కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అడిగే కొంటె ప్రశ్నలు, గంటల లెక్క, నిషిద్ధాక్షరి అన్నీ అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి ఏర్పరచినవే. అవధాని వాటిని విననట్లు ఉండడు. విని, బదులిచ్చి, వెంటనే విడిచిన పద్యపాదానికి తిరిగి వస్తాడు. పోరాట ఆటగాడు అలవరచుకోవలసినది కూడా ఈ తిరిగి రాగలగడమే.

ప్రసిద్ధ ఘట్టాలు

2004లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన ఈవోలో, స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్ ఆటలో జపానుకు చెందిన డైగో ఉమెహరా, అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ తలపడ్డారు. డైగో నడుపుతున్న కెన్ పాత్ర ప్రాణం దాదాపు అడుగంటింది. దెబ్బను కాచుకున్నా కొద్దిపాటి నష్టం తప్పదు కనుక, కాచుకోవడం కూడా మరణమే. వాంగ్ చున్-లీ పాత్రతో 15 దెబ్బల మహాస్త్రాన్ని ప్రయోగించాడు. దెబ్బ తగిలే క్షణంలో ముందుకు మీట నొక్కి నష్టం లేకుండా తప్పించే "ప్యారీ" అన్న ప్రక్రియతో డైగో ఆ 15 దెబ్బలను వరుసగా తప్పించి, ఎదురుదాడితో రౌండు గెలిచాడు. మొదటి దెబ్బను చూసి స్పందించడానికి వ్యవధి చాలదు. వాంగ్ ఆ అస్త్రం వేస్తాడని డైగో ముందే ఊహించి ఉండాలి. ప్రేక్షకుల కేకలతో హాలు దద్దరిల్లుతున్నా అతని చేతుల లయ తప్పలేదు. ఈ విద్య అప్పటికప్పుడు పుట్టినది కాదు, ఆ ఆటలో ఆరితేరినవారు సాధన చేసినదే. ఈ ఘట్టం "ఈవో మూమెంట్ 37"గా పేరొందినది. 37 అన్న సంఖ్యకు ప్రత్యేకమైన అర్థమేమీ లేదు. తరచు మరువబడే విషయం ఒకటున్నది: డైగో ఆ మ్యాచి గెలిచాడు గాని పోటీ గెలువలేదు. ఫైనల్‌లో తన దేశీయుడైన కెంజి ఒబాటా చేతిలో ఓడిపోయాడు.

భయమే కాదు, సంతోషం కూడా దృష్టిని చెదరగొట్టగలదు అనడానికి 2015 ఈవోలో గిల్టీ గేర్ ఎగ్జార్డ్ పోటీ ఉదాహరణ. వోషిగే అన్న ఆటగాడు ఒగావాపై ఒక రౌండు గెలిచి, మ్యాచి అంతా గెలిచాననుకొని కుర్చీనుండి లేచి సంబరం చేసుకున్నాడు. ఇంకొక రౌండు మిగిలి ఉన్నది! అది మొదలుకాగా అతడు హడావుడిగా కూర్చొనేలోపే ఒగావా దాడి ఆరంభించాడు. వోషిగే ఆ రౌండును, దానితోపాటు మ్యాచిని పోగొట్టుకున్నాడు. ఒగావా ఆ ఏడు విజేత అయినాడు. ఈ సంఘటనను చూసి నవ్వుకున్నవారు చాలామంది. కాని స్కోరును మరచిపోయేంతగా ఉద్వేగం మనిషిని ఆవరించగలదని అది తెలుపుతుంది.

2018 ఈవోలో డ్రాగన్ బాల్ ఫైటర్‌జెడ్ ఫైనల్‌లో, జపాను ఆటగాడు గోవన్ ఊపందుకొని పోటీని రెండవ సెట్టుకు తీసుకువెళ్ళినపుడు, అమెరికా ఆటగాడు సోనిక్‌ఫాక్స్ కూర్చునే వైపులు మార్చుకొనవలెనని కోరి, ఆ తరువాతి సెట్టును గెలిచాడు. ఇది న్యాయమా అన్న చర్చ సాగింది. ఏమైనప్పటికి, కొద్దిపాటి విరామం ఎదుటివాని ఊపును ఎంతగా మార్చగలదో ఆ మ్యాచి చూపినది.

లాహోరుకు చెందిన అర్సలాన్ ఆష్ 2019 ఫిబ్రవరిలో వీసా, విమాన ప్రయాణపు ఇబ్బందులను దాటి జపానులోని ఫుకువోకా చేరి, టెక్కెన్ 7లో ఈవో జపాన్ గెలిచాడు. అదే సంవత్సరం లాస్ వేగాస్ ఈవోను కూడా గెలిచాడు. అంతకుముందు అంతర్జాతీయంగా అతని పేరు విన్నవారు తక్కువ. పేరులేని ఆటగానిపై అంచనాల బరువు ఉండదు. పైగా అతని ఆట తీరు ఎదుటివారికి తెలియదు. పేరు వచ్చిన పిదప ఈ రెండు సౌకర్యాలు పోతాయి. ఆష్ మరల 2023, 2024లలో లాస్ వేగాస్‌లో గెలవడం ఆ కారణంగా మరింత గొప్పదని చెప్పవచ్చు.

సాధన పద్ధతులు

మొదటిది, పోటీకి ముందే భారాన్ని తగ్గించుకొనుట. ఏ పరిస్థితిలో ఏమి చేయాలో ఇంటివద్దనే నిర్ణయించుకున్న ఆటగాడు వేదికపై ఎంచుకోవలసిన పని కొద్దిగా మాత్రమే ఉంటుంది. అన్నిటినీ కనిపెట్టి ఉండడానికి బదులు, ఈ రౌండులో ఎగిరే దాడిని మాత్రమే తప్పక ఆపుతాను అని ఒకదానిని ఎంచుకొని, ప్రత్యర్థి అలవాటును బట్టి దానిని మార్చుకోవడం మంచి పద్ధతి. దీనివలన కొన్ని దెబ్బలు తప్పక తగులుతాయి. ఆ నష్టాన్ని ముందే అంగీకరించాలి. పోటీ రోజున క్రొత్త కిటుకులను ప్రయత్నించరాదు.

కంగారును అణచివేయడానికి ప్రయత్నించుట కంటె దానికి వేరొక పేరు పెట్టుట మేలు. పాటపాడుట, ఉపన్యాసం, గణితపరీక్ష వంటి పనులకు ముందు "నేను ఉత్సాహంగా ఉన్నాను" అని చెప్పుకొన్నవారు, ప్రశాంతంగా ఉండడానికి ప్రయత్నించినవారి కంటె మెరుగుగా రాణించినట్లు 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాలు తెలిపాయి. ఊపిరిని నెమ్మదిగా, పీల్చుటకంటె ఎక్కువసేపు వదులుట వలన గుండె వేగం తగ్గుతుంది. పాత్రను ఎంచుకొనే తెర, మీటలు సరిచూసుకొనే సమయం, రౌండుల నడుమ దొరికే కొద్ది క్షణాలు ఇందుకు చాలును. ప్రతిసారి ఒకే క్రమంలో మీటలు సరిచూసుకొనడం కూడా కొందరికి స్థిమితాన్ని ఇస్తుంది.

అన్నిటికంటె నమ్మదగినది అలవాటు. అంతర్జాలం ద్వారా ఎన్ని వేల ఆటలు ఆడినా, పక్కన మనిషి కూర్చొని, వెనుక గుంపు చేరినపుడు కలిగే స్థితి దానివలన అలవడదు. చిన్న స్థానిక పోటీలలో పలుమార్లు పాల్గొనుటయే దీనికి మార్గం. మొదటి పది పోటీలను ఫలితం కొరకు కాక అలవాటు కొరకు ఆడవలెనన్నది సహేతుకమైన నియమం. నిద్ర, తేలికపాటి ఆహారం, నీరు, పిలుపుకు ముందు వేళ్ళకు కొంత వ్యాయామం గురించి వేరుగా వివరించనక్కరలేదు.

ఓటమి తరువాత

ఓటమి చికాకులో మరింత తొందరపడి ఆడడాన్ని పేకాటనుండి వచ్చిన మాటతో "టిల్ట్" అంటారు. డబుల్ ఎలిమినేషన్‌లో ఇది ఎక్కువ ప్రమాదకరం. మొదటి ఓటమి తరువాత రెండవ మ్యాచి కొద్దిసేపటికే ఉండవచ్చు. ఆ వ్యవధిలో "ఎందుకు ఓడాను" అన్న పెద్ద ప్రశ్నకు జవాబు దొరకదు. "ఏ దెబ్బ ఎక్కువసార్లు తగిలింది" అన్న చిన్న ప్రశ్నకు దొరుకుతుంది. మ్యాచి వీడియోను మరునాడు చూసి వివరంగా పరిశీలించడం మంచిది.

డైగో కొంతకాలం ఆటలను విడిచి, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేసి, స్ట్రీట్ ఫైటర్ 4 కాలంలో తిరిగి వచ్చాడు. 2012లో జపానీ భాషలో వెలువడిన తన పుస్తకంలో, ఏదో ఒక పోటీ గెలవడాన్ని కాక, నిరంతరం ఎదగడాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలని అతడు వాదించాడు. వయసు మీరితే స్పందన మందగించి ఆటకు పనికిరారన్న అభిప్రాయం కూడా పూర్తిగా నిజం కాదు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ 5 బంగారు పతకాన్ని గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు అప్పటికి 44 సంవత్సరాలు. ఆ పోటీలో భారత ఆటగాళ్ళు కూడా పాల్గొన్నారు.

అమెరికాకు చెందిన విక్టర్ వుడ్లీ, ఆటపేరు పంక్, 2017లో ఎలీగ్ పోటీతో సహా పలు పోటీలు గెలిచి, ఈవో స్ట్రీట్ ఫైటర్ 5 ఫైనల్‌కు ఓటమి లేకుండా చేరాడు. విజయం అతనిదేనని అందరూ భావించారు. ఓడినవారి వరుసనుండి వచ్చిన టోకిడో రెండు సెట్లు గెలిచి విజేత అయినాడు. పంక్ వేదికపైనే కన్నీరు పెట్టుకున్నాడు. ఆ తరువాత ఏడేళ్ళు అతడు ప్రముఖ పోటీలలో పాల్గొంటూనే ఉన్నాడు. 2024 జూలైలో లాస్ వేగాస్‌లో స్ట్రీట్ ఫైటర్ 6 ఫైనల్‌లో బిగ్ బర్డ్ అన్న ఆటపేరుగల అదెల్ అనూష్‌ను ఓడించి మొదటిసారి ఈవో గెలిచాడు.