పూసల నగలు - ఫ్యాషన్ పోకడలు

రంధ్రం గల పూసలను దారానికి గాని, లోహపు తీగకు గాని గుచ్చి, లేదా సూదితో అల్లి తయారుచేసే ఆభరణాలను పూసల నగలు అంటారు. గాజు, రాయి, ముత్యం, పగడం, కొయ్య, గవ్వ, కాల్చిన మట్టి, లోహం మొదలైన అనేక పదార్థాలతో పూసలు తయారవుతాయి. వీటిని చేతితో కూర్చేవారు తమ కాలంలో వ్యాప్తిలో ఉన్న రంగుల నుండి, దుస్తుల కోత నుండి, అలంకరణ తీరుల నుండి ప్రేరణ పొందడం క్రొత్త విషయం కాదు. అయితే ఫ్యాషన్ త్వరగా మారిపోతుంది. పూస మాత్రం చాలా కాలం మన్నుతుంది. ఈ రెండింటినీ సమన్వయపరచడమే పూసల నగల తయారీలోని ముఖ్యమైన సమస్య.

పూస, కూర్పు

పురావస్తు త్రవ్వకాలలో పూసలు విరివిగా లభిస్తాయి. వాటిని కూర్చిన దారం మాత్రం సాధారణంగా శిథిలమై పోతుంది. సింధు నాగరికతకు చెందిన చాన్హుదారోలో 1935-36లో ఎర్నెస్ట్ మెకే జరిపిన త్రవ్వకాలలో పూసల తయారీ కార్ఖానా బయటపడినది. అక్కడి పనివారు గట్టిదైన కెంపురంగు కార్నీలియన్ రాయిలో సన్నని రంధ్రాలు తొలిచి పొడవాటి పూసలు చేసేవారు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాతి పూసల పని నేటికీ కలదు.

ఈ పరిశీలన వలన ఒక విషయం తెలుస్తుంది. పూసల నగలో రెండు భాగాలున్నాయి. ఒకటి పూస, రెండవది దాని కూర్పు. కూర్పు అనగా పూసల వరుస, పొడవు, పేటల సంఖ్య, ముడి, కొక్కెం. కాలాన్ని బట్టి ఎక్కువగా మారేది కూర్పే. దారాన్ని విప్పి అవే పూసలను మరొక విధంగా గుచ్చుకోవచ్చును. కరిగించకుండానే రూపం మార్చుకోగల ఈ సౌలభ్యం పోతపోసిన బంగారు నగకు లేదు.

చరిత్రలో కొన్ని ఉదాహరణలు

1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిని కనుగొన్న తరువాత ఐరోపా, అమెరికాలలో ఈజిప్టు శైలి అలంకరణలు విపరీతంగా వ్యాపించాయి. నీలం, పగడపు ఎరుపు, బంగారు రంగుల పూసలు, భుజాల వరకు పరచుకొనే వెడల్పాటి కంఠాభరణాల నమూనాలు నాటి నగలలో ప్రవేశించాయి.

అదే దశాబ్దంలో స్త్రీల దుస్తులు నడుము వద్ద బిగుతు లేకుండా, నిటారుగా జారే విధంగా మారాయి. అటువంటి దుస్తులపై నడుము వరకు వ్రేలాడే పొడవాటి పూసల పేరు చక్కగా అమరింది. జపాన్‌కు చెందిన మికిమోటో కొకిచి ప్రారంభించిన పెంపకపు ముత్యాల ప్రయత్నాలు 1893లో తొలిసారి ఫలించి, 1920లలో ముత్యాలు మునుపటి కంటె చవకగా లభించసాగాయి. ఫ్రెంచి రూపకర్త కోకో షనెల్ నిజమైన ముత్యాలను, కృత్రిమ ముత్యాలను కలిపి ధరించడాన్ని గౌరవప్రదం చేసింది. దీనితో నగ విలువను దాని ధరతోనే కొలవనవసరం లేదన్న భావన బలపడినది. అమెరికా అధ్యక్షుని భార్యగా ఉన్న జాక్వెలిన్ కెనెడీ ధరించిన మూడు పేటల కృత్రిమ ముత్యాల హారం 1996లో వేలంలో 2,11,500 డాలర్లకు అమ్ముడుపోయింది.

1960లలో హిప్పీ యువతీయువకులు చేతితో గుచ్చిన రంగురంగుల పూసల దండలను శాంతికి, ప్రేమకు చిహ్నంగా ధరించారు. పురుషులు పూసలు వేసుకోవడం పాశ్చాత్య దేశాలలో అప్పుడు మళ్ళీ కనిపించినది. ఇటీవలి ఉదాహరణ గాయని టేలర్ స్విఫ్ట్ 2023 మార్చి నుండి 2024 డిసెంబరు వరకు జరిపిన 'ఎరాస్' సంగీత యాత్ర. ఆమె పాటలోని ఒక ప్రస్తావన ఆధారంగా అభిమానులు అక్షరాల పూసలతో చేతి పట్టీలు గుచ్చి, సభలలో ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు. కొనడం కంటె స్వయంగా చేయడమే ఇక్కడ పోకడగా మారినది.

పోకడ నుండి గ్రహించదగిన అంశాలు

ఒక నగను చూచి అటువంటిదే చేయడం అనుకరణ. అందులోని ఒక అంశాన్ని విడదీసి, తన వద్ద ఉన్న పూసలకు అన్వయించడం ప్రేరణ. సాధారణంగా నాలుగు అంశాలను విడదీయవచ్చును.

రంగు: పాంటోన్ అను అమెరికా సంస్థ 2000 సంవత్సరం నుండి ప్రతి ఏటా ఒక రంగును ఆ సంవత్సరపు రంగుగా ప్రకటిస్తున్నది. 2023లో గులాబీ ఛాయ గల ఎరుపు, 2024లో లేత పీచ్ పండు రంగు, 2025లో కాఫీ, చాక్లెట్లను తలపించే గోధుమ రంగు ఎంపికయ్యాయి. ఇటువంటి రంగుతోనే నగ అంతా నింపితే మరుసటి సంవత్సరానికి అది పాతదిగా కనిపిస్తుంది. ప్రధానమైన పూసలను తెలుపు, నలుపు, ముత్యపు రంగు వంటి స్థిరమైన వాటిలో ఉంచి, క్రొత్త రంగును మధ్య మధ్య కొద్దిగా చేర్చడం మేలైన పద్ధతి.

పొడవు: హారం పొడవును దుస్తుల మెడ కోత నిర్ణయిస్తుంది. మెడను అంటిపెట్టుకొని ఉండే హారం సుమారు 35-40 సెంటీమీటర్లు, కంఠం క్రింద నిలిచేది 43-48 సెంటీమీటర్లు, ఎదపై వరకు వచ్చేది 50-60 సెంటీమీటర్లు, అంతకంటె క్రిందికి దిగేది 70 సెంటీమీటర్లు, ఆపైన ఉంటాయి. మెడ మూసివున్న రవికపై పొడవాటి పేరు, లోతైన మెడ గల రవికపై పొట్టి హారం స్పష్టంగా కనిపిస్తాయి. రవిక అంచు, హారం అంచు ఒకే చోట కలిస్తే రెండూ తేలిపోతాయి.

పరిమాణం: సన్నని గాజుపూసలను సంఖ్యలతో గుర్తిస్తారు. సంఖ్య పెరిగిన కొద్దీ పూస చిన్నదవుతుంది. 8వ సంఖ్య పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11వది సుమారు 2 మిల్లీమీటర్లు, 15వది సుమారు 1.5 మిల్లీమీటర్లు ఉంటుంది. చెక్ దేశంలోని యాబ్లోనెట్స్ పట్టణం, జపాన్ దేశం ఇటువంటి పూసలకు ప్రసిద్ధి. జపాన్ పూసలు ఒకే కొలతతో ఉండుట వలన అల్లికలో వరుసలు సమంగా వస్తాయి.

పదార్థం: మెరుపు ఇష్టపడే కాలంలో కోత పెట్టిన గాజు, సహజత్వం ఇష్టపడే కాలంలో కొయ్య, విత్తనాలు, మట్టి పూసలు ఎక్కువగా వాడుతారు. పదార్థం మారితే బరువు కూడా మారుతుంది. రాతి పూసలకు గట్టి దారం లేదా ఉక్కు తీగ అవసరం. ముత్యాల రంధ్రాలు సన్నవి కనుక వాటిని పట్టు దారంతో గుచ్చి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తారు. ముడి వలన ముత్యాలు ఒకదానికొకటి ఒరుసుకోవు. దారం తెగినా అన్నీ జారిపోవు.

ఒక ఉదాహరణ

2025 నాటి గోధుమ రంగు పోకడను ఉదాహరణగా తీసుకొనవచ్చును. గోధుమ రంగు ప్లాస్టిక్ పూసలు క్రొత్తగా కొనడానికి బదులు, ఆ రంగు సహజంగానే గల చందనం, తులసి, రుద్రాక్ష, కొయ్య పూసలు మన దేశంలో సులభంగా దొరుకుతాయి. 45 సెంటీమీటర్ల హారానికి 6 మిల్లీమీటర్ల పూసలు 75 కావలెను. పూసల మధ్య ఒక్కొక్క మిల్లీమీటరు ముడి వేస్తే సుమారు 64 చాలును. పది మిల్లీమీటర్ల పూసలైతే ముడులు లేకుండా 45 సరిపోతాయి. ప్రతి ఎనిమిదవ పూసకు బదులు ఒక ముత్యం చేర్చితే హారానికి వెలుగు వస్తుంది. పోకడ మారిన తరువాత ముత్యాలను విడదీసి వేరొక నగలో వాడుకోవచ్చును.

తెలుగు ప్రాంతాలలో

తెలుగు వివాహిత స్త్రీలు మంగళసూత్రంతో పాటు ధరించే నల్లపూసలు పోకడల ప్రభావానికి మంచి ఉదాహరణ. పూర్వం పొడవాటి పేటలుగా ఉన్న నల్లపూసల గొలుసు, ఇటీవలి కాలంలో ఉద్యోగాలకు వెళ్ళేవారికి అనువుగా చిన్న పతకంతో పొట్టి హారంగా మారినది. ఇటలీకి చెందిన బుల్గారీ సంస్థ 2021లో నల్లని ఓనిక్స్ రాళ్ళు, బంగారం, వజ్రాలతో మంగళసూత్రపు హారాన్ని విడుదల చేసింది. పొడవు, పతకం, ధర మారినా నల్లని పూస మారలేదు. ఆచారాన్ని గుర్తుచేసే అంశం అదే కనుక రూపకర్తలు దానిని నిలుపుకొన్నారు.

హారపు అంచున చిన్న ముత్యాలను గుత్తులుగా వ్రేలాడదీసే గుత్తపూసల హారం తెలుగువారి సంప్రదాయ నగ. పెద్దల పెట్టెలలో ఉండిపోయిన ఈ నగ ఇటీవల పెళ్ళి అలంకరణలలో తిరిగి ఆదరణ పొందినది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను చిత్రిక పట్టి, లక్కకు ప్రకృతిసిద్ధమైన రంగులు కలిపి బొమ్మలతో పాటు పూసలు, గాజులు కూడా చేస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

తిరుపతి జిల్లా (2022 ఏప్రిల్ 4కు ముందు చిత్తూరు జిల్లా) ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట గాజుపూసల తయారీకి పేరుపొందినది. సంప్రదాయ పద్ధతిలో కరిగిన గాజు ముద్దను బోలుగా ఉన్న ఇనుప గొట్టం కొనకు చేర్చి, కొలిమి రెండవ వైపు నుండి కొక్కెంతో సన్నని గొట్టంగా లాగుతారు. ఆ గొట్టాన్ని ముక్కలుగా నరికి, బూడిదతో కలిపి మళ్ళీ వేడిచేస్తే అంచులు గుండ్రబడుతాయి. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ (జూనియర్) ఈ పద్ధతిని పుదుచ్చేరి సమీపంలోని ప్రాచీన రేవు అరికమేడు పూసల సంప్రదాయంతో పోల్చి అధ్యయనం చేసినాడు. ఆ తరహా పూసలు ఒకప్పుడు సముద్ర వర్తకం ద్వారా ఆగ్నేయాసియా, తూర్పు ఆఫ్రికా తీరాల వరకు చేరాయి.

ఇటువంటి కొలిమికి ఫ్యాషన్ మేలూ చేయగలదు, కీడూ చేయగలదు. ఒక రంగు గాజును కరిగించిన తరువాత దానినంతటినీ పూసలుగా మార్చవలసిందే. నగలు గుచ్చేవారు పది పూసల హారాన్ని ఒక పూటలో మార్చుకోగలరు గాని, కొలిమి వద్ద పనిచేసేవారు రంగును అంత తేలికగా మార్చలేరు. పోకడ ఒక్కసారిగా మారితే నష్టం మొదట వారిదే.

ప్రేరణ, అనుకరణ

పూసల నగలు కొన్ని సమాజాలలో కేవలం అలంకారం కాదు. తూర్పు ఆఫ్రికాలోని మసాయి స్త్రీలు అల్లే పూసల పట్టీలలో ఎరుపు ధైర్యానికి, తెలుపు పవిత్రతకు, నీలం ఆకాశానికి సంకేతాలు. వారు వాడే గాజుపూసలు 19వ శతాబ్దంలో ఐరోపా వర్తకుల ద్వారా వచ్చినవే. బయటి వస్తువును స్వీకరించి తమ భాషగా మలచుకున్న తీరు ప్రేరణకు చక్కని నిదర్శనం. లంబాడీ స్త్రీల నగలలోని పూసలు, గవ్వలు, నాణేల కూర్పు కూడా ఫ్యాషన్ రూపకర్తలను ఆకర్షించినది.

ఇతరుల పనికి ఒక తెగ పేరు పెట్టి అమ్మడం మాత్రం వేరు విషయం. అమెరికాలో 1990లో చేసిన చట్టం ప్రకారం, ఆదివాసులు చేయని వస్తువులను ఆదివాసుల చేతిపనిగా చూపి అమ్మడం నేరం. నవాజో తెగ తమ పేరును వాడుకున్నందుకు ఒక దుస్తుల సంస్థపై 2012లో దావా వేయగా, అది 2016లో ఒప్పందంతో ముగిసినది. రంగులు, కొలతలు ఎవరి సొత్తూ కావు. ఒక సమాజపు ప్రత్యేకమైన నమూనాను తీసుకొన్నప్పుడు దాని మూలాన్ని చెప్పడం, వీలైతే వారు చేసిన పూసలనే కొనడం న్యాయమైన పద్ధతి.

పోకడ మారిన తరువాత

చేతితో అల్లిన పూసల నగకు గంటల నుండి రోజుల వరకు శ్రమ పడుతుంది. ఒక్క ఋతువుతో ముగిసే పోకడకు అంత శ్రమ తగదు. అందువలన అనుభవజ్ఞులు పూసల ఎంపికలో స్థిరత్వాన్ని, కూర్పులో మార్పును పాటిస్తారు. మన్నికైన పూసలు, సులభంగా విప్పగల కొక్కెం, కొద్దిగా అదనపు పూసలు దాచి ఉంచుకొనడం ఇందుకు ఉపకరిస్తాయి. తల్లి ధరించిన రెండు పేటల దండను విప్పి కుమార్తెకు పొట్టి హారంగాను, చేతి పట్టీగాను గుచ్చి ఇవ్వడం చాలా ఇళ్ళలో కనిపించే పద్ధతే. అందులో పూస పాతది, పోకడ క్రొత్తది.