సదిశ క్షేత్రములు – విశ్వపు తొలి ఉబ్బు

రాయపురమున కాశిమేడు చేపలరేవు వద్ద గాలిని గమనించినచో రెండు విషయములు తెలియును. ఒకచోట గాలి ఎంత వేడిగా నున్నదో చెప్పుటకు ఒక అంకె చాలును. అది ఎట్లు వీచుచున్నదో చెప్పుటకు అంకె చాలదు. ఎటునుండి ఎటో కూడ చెప్పవలెను. పగలు కడలినుండి నేలకును, రాత్రి నేలనుండి కడలికిని మరలు గాలిని ఎరిగిన జాలరికి ఈ భేదము క్రొత్త కాదు. భౌతికశాస్త్రజ్ఞులు మొదటిదానిని అదిశ క్షేత్రమనియు, రెండవదానిని సదిశ క్షేత్రమనియు పిలుతురు. విశ్వము యొక్క తొలి క్షణమును గూర్చిన విచారణలో ఈ భేదమే పెద్ద చిక్కైనది.

ఆకాశమున ఏ దిక్కునకు చూచినను ఆదిమ వికిరణపు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లే. మన గమనమువలన తోచు భేదమును తీసివేసినచో, మిగులు హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు పాటివి. ఈ ఏకరూపతకు కారణముగా, అత్యల్పకాలమున విశ్వము మహావేగముతో ఉబ్బినదని 1981లో అలన్ గూత్ ప్రతిపాదించెను. (ధరల పెరుగుదలకు ఆంగ్లమున వాడు మాటనే దీనికిని పెట్టిరి!) దానిని నడిపినది అదిశ క్షేత్రమని తలచిరి. దిశ లేనిది గనుక అది ఏ దిక్కునకును పక్షపాతము చూపదు. అయితే ప్రకృతిలో చిరపరిచితములైన విద్యుదయస్కాంతాదులు సదిశ క్షేత్రములే. ప్రాథమికమైన అదిశ క్షేత్రమునకు 2012లో హిగ్స్ కణము దొరకువరకు ప్రయోగసాక్ష్యము లేకుండెను. కావున సదిశ క్షేత్రమే ఆ పని చేయరాదా అని 1989లో ఎల్. హెచ్. ఫోర్డ్ విచారించుట న్యాయమే.

అడ్డంకులు రెండు. ఒంటరి సదిశ క్షేత్రము విశ్వమును తన వెంట ఒక తీరుగను, అడ్డముగ వేరొక తీరుగను పెంచును. రెండవది మరింత గట్టిది. పొడవులు రెండింతలైనచో సామాన్య విద్యుదయస్కాంత క్షేత్రపు శక్తిసాంద్రత పదునారవ వంతునకు పడిపోవును. ఉబ్బును నిలుపవలసినది ఉబ్బుచేతనే కరగిపోవును.

2008లో గొలోవ్నెవ్, ముఖానోవ్, వంచూరిన్ అనువారు క్షేత్రమును దేశకాల వక్రతతో ముడివేసి ఆ కరగుటను ఆపిరి. పరస్పర లంబములైన మూడు క్షేత్రములనో, పలుదిక్కులకు చెదరిన పెక్కింటినో గ్రహించి దిశాభేదమును అణచిరి. ఉపాయము చక్కనిదే. కాని 2009లో హిమ్మెతోగ్లు, కొంతాల్ది, పెలోసో అనువారు, ఆ ముడివలననే ఋణ గతిజశక్తి గల కంపనము పుట్టునని చూపిరి. అట్టి కంపనమున్నచో శూన్యమే నిలకడగ నుండదు. ఇది చిన్న లోపము కాదు.

ఆ సంవత్సరమే వతనబే, కన్నో, సోదా అను జపాను శాస్త్రజ్ఞులు మితమైన త్రోవ పట్టిరి: ఉబ్బును అదిశ క్షేత్రమే నడుపును, దానితో పెనవేసికొనిన సదిశ క్షేత్రము కరగక, స్వల్ప దిశాభేదమును మిగుల్చును. 2011లో మాలెక్‌నెజాద్, షేక్ జబ్బారీ అనువారు పరమాణు కేంద్రక బలములను వర్ణించు జాతి క్షేత్రములను మూడింటిని కూర్చి, దిశాభేదము లేకయే ఉబ్బు సాధ్యమని చూపిరి.

తీర్పు చెప్పవలసినది ఆకాశమే. ప్లాంక్ ఉపగ్రహపు కొలతలలో నూటికి కొలది పాళ్లను మించిన దిశాభేదము కానరాలేదు. 2011 నాటి నమూనా కూడ తొలి రూపమున ఆ కొలతలకు పొసగలేదు. అయినను అట్టి క్షేత్రములు పుట్టించు గురుత్వతరంగములలో ఎడమ, కుడి మెలికలు సమముగ నుండవు. ఆదిమ వికిరణపు ధ్రువణమున ఆ గుర్తుకొరకు అన్వేషణ సాగుచున్నది.