డాట్ ఎన్వ్ ఫైలు వంశచరిత్రము

కంప్యూటరునందు ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును పుట్టించునపుడు, చేయవలసిన పనితోపాటు ఆ పనికి ఆధారమైన సంగతులను గూడ, అనగా పనిముట్లను ఏ ఫోల్డరులో వెదకవలెను, యజమాని పేరేమి, సందేశములు ఏ భాషలో చూపవలెను అనువానిని, దాని కప్పగింపవలసియుండును. ఈ యప్పగింతకు స్థిరమైన ఏర్పాటు 1979వ సంవత్సరమున బెల్ లాబ్స్‌నుండి వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పుతో కుదిరినది. ఆ యూనిక్స్‌తోడనే స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ లోకమునకు వచ్చెను. అందొక చరరాశిని ‘ఎక్స్‌పోర్ట్’ చేసినచో, అది మొదలు ఆ షెల్ పుట్టించు ప్రతి ప్రాసెస్‌కును దాని నకలొకటి సంక్రమించును. ఎన్విరాన్‌మెంట్ వేరియబులనగా ఇంతియే.

నిర్మాణమున దీనికంటె నిరాడంబరమైనది దుర్లభము: పేరు, సమానచిహ్నము, విలువ, చివర నొక శూన్యాక్షరము; ఇట్టి పంక్తులు మెమరీలో నిలిచియుండును. సంఖ్యయని లేదు, సత్యాసత్యములని లేదు, అంతయు అక్షరములే. కావుననే ‘డీబగ్’ అను పేరునకు ‘ఫాల్స్’ అను విలువ నిచ్చినను, అది ఖాళీ కాదు గనుక సత్యమేయని యెంచి, ప్రొడక్షన్ సర్వరులో లోగుట్టంతయు బయటపెట్టు ప్రోగ్రాములు నేటికిని గలవు.

ఈ యేర్పాటునకొక దాయధర్మము గూడ కలదు. తండ్రి సొత్తు కొడుకునకు వచ్చును. వచ్చునది నకలే గనుక కొడుకు దానిని మార్చినను, పెంచినను, పాడుచేసినను తండ్రికి తెలియదు. అన్నదమ్ముల నడుమ ఇచ్చిపుచ్చుకొనుట బొత్తిగా లేదు. టెర్మినలు ముందు కూర్చున్న మనుష్యుని కిది కష్టమనిపింపదు, ఏలయన ఆతని షెల్ పని ముగియువరకు ఒక్కటే జీవించియుండును. చిక్కు వచ్చినది బిల్డును, అనగా కోడునుండి ప్రోగ్రామును సిద్ధపరచు పనిని, మనుష్యుని చేతినుండి తీసి యంత్రమున కప్పగించిననాడు. స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ లాబ్స్‌లోనే నిర్మించిన ‘మేక్’ అను పనిముట్టు, తన నియమములలోని ప్రతి పంక్తిని సామాన్యముగా వేరొక షెల్‌లో నడపును. కావున పై పంక్తిలో పెట్టిన చరరాశి క్రింది పంక్తికి కానరాదు. బిల్డులను నడపు నేటి గిట్‌హబ్ యాక్షన్స్‌లో ‘స్టెప్’ అనబడు ప్రతి యంచెయు ఇట్టిదే. మొదటి స్టెప్‌లో వెర్షన్ సంఖ్యను కనుగొని శ్రద్ధగా ఎక్స్‌పోర్ట్ చేసిన ఇంజనీరునకు రెండవ స్టెప్‌లో ఆ స్థానము ఖాళీగా కనబడునపుడు తప్పు ఆతని అక్షరక్రమములో లేదు. తోబుట్టువుల నడుమ దారి లేకపోవుటయే కారణము.

ఆ దారి ఫైలయ్యెను. దీని రాకలో నాకు మిక్కిలి వినోదకరముగా తోచు విషయ మొకటున్నది. హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ సుమారు 2011లో వ్రాసిన ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ అను నియమావళి, కాన్ఫిగరేషన్‌ను కోడులో నుంచక ఎన్విరాన్‌మెంటులో నుంచుడని బోధించుచు, అట్లుంచినచో అవి పొరపాటున రిపాజిటరీలోనికి ఎక్కు భయము తక్కువయని కారణము చెప్పెను. బోధ వ్యాపించినది, కాని ప్రాజెక్టు కిరువది చరరాశులు దినదినము చేతితో టైపు చేయు ఓపిక ఎవ్వరికిని లేకపోవుటచే, వాని నన్నిటిని డాట్ ఎన్వ్ అను ఒక ఫైలులో వ్రాసికొని, ప్రోగ్రాము మొదలగునపుడే ఎన్విరాన్‌మెంటులోనికి ఎక్కించు లైబ్రరీలు పుట్టినవి. రూబీ భాషకు బ్రాండన్ కీపర్స్ రచించిన డాట్‌ఎన్వ్ అందు సుప్రసిద్ధము. దాని ననుసరించి పైథాన్, నోడ్, పీహెచ్‌పీ మొదలగువానికిని వచ్చినవి. నోడ్ అయితే 2023లో 20.6వ వెర్షన్‌తో ఈ పనిని తానే స్వీకరించెను. దేనిని తప్పించుటకు నియమము పుట్టెనో అదియే, చుక్కతో మొదలగు పేరు పెట్టుకొని, వెనుకద్వారమున వచ్చి కూర్చున్నది!

ఇన్ని చోట్ల పుట్టిన దానికి ఏక వ్యాకరణము లేకపోయినది. విలువకు ఇరువైపుల కొటేషన్ గుర్తులుంచినచో, షెల్ వానిని తొలగించి లోపలి మాటనే గ్రహించును. ‘డాకర్ రన్’ అను ఆజ్ఞ అదే ఫైలును చదువునపుడు ఆ గుర్తులను గూడ విలువలో భాగముగనే యుంచును. ఇంతకంటె బాధాకరమైనది విండోస్‌లో సేవ్ చేసిన ఫైలు: ప్రతి పంక్తి చివర నిలుచు కంటికి కానరాని క్యారేజ్ రిటర్న్ అక్షరము పాస్‌వర్డు తోకగా అంటుకొనును, లాగ్‌లో పాస్‌వర్డు సరిగానే కనబడును, డేటాబేసు మాత్రము త్రోసిపుచ్చును.

స్టెప్‌ల నడుమ దారికై గిట్‌హబ్ యాక్షన్స్ మొదట ఫైలును గాక మరియొక యుక్తిని పన్నినది: స్టెప్ తన యవుట్‌పుట్‌లో ‘సెట్ ఎన్వ్’ అను ప్రత్యేకపు పంక్తిని ముద్రించినచో, స్టెప్‌లను నడపు రన్నరు దానిని చదివి ఆ చరరాశిని తరువాతి స్టెప్‌లకు అందించును. అవుట్‌పుట్‌లోనికి వచ్చు మాట లన్నియు మనవే యని నమ్మినవారి యుక్తి యిది. ఎవరో అపరిచితుడు తెరచిన ఇష్యూ పాఠమును వర్క్‌ఫ్లో అట్లే ముద్రించినచో, అందు దాగిన ఆజ్ఞాపంక్తి గూడ చెల్లును. ‘నోడ్ ఆప్షన్స్’ వంటి చరరాశి నట్లు నాటినచో తరువాతి స్టెప్ ఆ యపరిచితుని కోడును నడపును. గూగుల్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన ఫెలిక్స్ విల్‌హెల్మ్ ఈ దోషమును చూపగా, గిట్‌హబ్ 2020 అక్టోబరులో ఆ పద్ధతికి కాలము చెల్లినదని ప్రకటించి, ప్రతి స్టెప్‌కును ఒక తాత్కాలిక ఫైలు నిచ్చుట మొదలుపెట్టెను. స్టెప్ తన పంక్తులను ఆ ఫైలు చివర చేర్చును. స్టెప్ ముగిసిన పిమ్మట రన్నరు దానిని చదివి తరువాతివానికి పంచును. వ్రాసిన స్టెప్‌కు మాత్రము ఆ విలువ అందదు. నోడ్ ఆప్షన్స్‌కు ఆ ఫైలులో ప్రవేశమే లేదు.

సీక్రెట్‌గా ముందే నమోదైన విలువ లాగ్‌లో ముద్రితమైనచో రన్నరు దానిని నక్షత్రములతో కప్పును. కాని డాట్ ఎన్వ్ ఫైలునుండి ఎక్కించిన పాస్‌వర్డు రహస్యమని దానికి చెప్పినవారెవరు? ప్రత్యేకముగా మాస్క్ చేయుమని కోరనిచో, అది యథాతథముగా ముద్రితమగును. లాగ్‌ను కాపాడినను భయము తీరలేదు. 2021 జనవరి చివరనుండి ఏప్రిల్ మొదటివరకు, కోడ్‌కవ్ సంస్థవారి అప్‌లోడరు స్క్రిప్టును దుండగులు మార్చి, అది నడచిన బిల్డుల ఎన్విరాన్‌మెంటు నంతయు తమ సర్వరునకు పంపించుకొనిరి. తండ్రి సొత్తు పుట్టిన ప్రతి కొడుకునకు, వాడెవడని విచారింపకయే, సంక్రమించు ధర్మము వారికి సరిగా నుపకరించినది. ఇప్పుడు జాగ్రత్తగల బృందములు రహస్యములను ఫైలులో నిలువ యుంచుట మాని, బిల్డు నడచునపుడే క్లౌడు నడిగి కొలదిసేపు మాత్రమే చెల్లు టోకెనును తెచ్చుకొనుచున్నవి. ఫైలునకు పోర్టు సంఖ్యలును లాగ్ స్థాయులును మిగిలినవి.