ఖానేషుమారి లెక్కలు - పూర్వుల పేర్లు



వంశవృక్షము వ్రాసికొనవలెనను కోరిక నేడు మనవారిలో పెరుగుచున్నది. ఇంగ్లాండు, అమెరికా దేశములలో పాత జనాభా లెక్కల పుస్తకములు తీసి చూచినచో ముత్తాతల పేర్లు దొరకునట. మన దేశమునను నూట యేబది యేండ్ల నుండి లెక్కలున్నవి గదా, అందు మన పూర్వుల పేర్లు దొరకవా యని పలువురు నన్నడిగిరి. ఈ ప్రశ్న నాకు క్రొత్తది కాదు. మా యింటి కొఱకు నేనును దీని వెంట కొన్నేండ్లు తిరిగితిని. ఆ తిరుగుటలో తెలిసిన సంగతులనే నేడు మనవి చేసెదను.

మొదట ఆ దేశముల మాట. ఇంగ్లాండులో 1841 మొదలుకొని ఇంటింట నున్నవారి పేర్లు వ్రాసిన పుస్తకములను భద్రపఱచిరి. నూఱేండ్లు గడచిన పిమ్మట వానిని జనులకు చూపుదురు. 1921 నాటి పుస్తకములను 2022లో తెఱచిరి. అమెరికాలో మొదటి లెక్క 1790లో జరిగినది. అందు ఇంటి యజమాని పేరు మాత్రమే యుండును, తక్కినవారు అంకెలు. 1850లో స్వతంత్రులందఱి పేర్లును వ్రాసిరి. కాని బానిసలకు పేర్లు లేవు. యజమాని పేరు క్రింద వారి వయస్సు, స్త్రీయా పురుషుడా యనుట మొదలగు వివరములు మాత్రమే వ్రాసి విడిచిరి. బానిసత్వము తొలగిన తరువాత, 1870 నాటి లెక్కలోనే ఆ జనులలో పెక్కుమంది పేర్లు మొదటిసారి కనబడును. కావున లెక్క వేఱు, పేరు వేఱు. ఎవరిని లెక్కించిరో వారి పేరెల్ల వ్రాసిరని తలపరాదు.

ఇక మన దేశము. మా పెద్దలు జనాభా లెక్కను ఖానేషుమారి యనెడివారు; ఇండ్లను లెక్కించుట యని దాని యర్థము. చెన్నపురి రాజధానిలో 1871వ సంవత్సరమున విపులమైన లెక్క జరిగినది. కార్నిషు అను వైద్యాధికారి దానిని నడపి నివేదికను వ్రాసెను. దేశమంతట నొకే సమయమున ఎత్తిన మొదటి లెక్క 1881 నాటిది. నైజాము రాజ్యమునను ఆ యేటనే మొదటి లెక్క జరిగినది. గణకులు ఇంటింటికి పోయి వివరము లడిగిరి, కాగితములు నింపిరి. అయితే అంకెలు కూడి పట్టికలు కట్టిన పిమ్మట ఆ కాగితములను ఉంచలేదు, నాశనము చేసిరి. నేడు మనకు మిగిలినవి అచ్చయిన నివేదికలే. వానిలో తాలూకా కెందఱు, కులమున కెందఱు, వృత్తి కెందఱు అను లెక్క కలదు గాని మనుష్యుని పేరు లేదు. 1948 నాటి సెన్ససు చట్టము ననుసరించి తరువాతి కాగితములును ఇతరులు చూచుటకు వీలులేనివి.

నేను ఈ సంగతి తెలియకయే వెదకుటకు బయలుదేరితిని. మాది కర్నూలు సీమలోని పల్లె. మా ముత్తాతకు తమ్ముడొకడుండెను. ధాత కరువులో, అనగా 1876 మొదలు 1878 వఱకు నడచిన ఆ ఘోర క్షామములో, అతడు ఊరు విడిచి పోయెను, మరల రాలేదు. ఓడ యెక్కెనని కొందఱు, దారిలోనే పోయెనని కొందఱు. మహాలయ పక్షమున మా తండ్రిగారు అందఱికిని తర్పణములు విడిచిన తరువాత కడపట నొక దోసెడు నీళ్లు అతని పేర విడిచెడివారు. "బ్రదికియుండగా విడిచిరేమో, ఎవరికి తెలియును!" అని మా నాయనమ్మ ప్రతియేడును అనెడిది. ఆ మాట నా మనస్సున నిలిచిపోయినది.

నివేదికలలో నాకు దొరకిన దేమనగా, 1871లో కర్నూలు మండలమున తొమ్మిది లక్షలకు పైగా జనముండిరి. 1881 నాటికి ఏడు లక్షలైనను లేరు. నాలుగవ వంతు జనము మాయమైరి. మొదటి యంకెలో మా ముత్తాతయు అతని తమ్ముడును ఇద్దఱును ఉన్నారు. రెండవ యంకెలో ఒక్కడే యున్నాడు. తగ్గినవారిలో చచ్చినవా రెందఱు, వలసపోయినవా రెందఱు, అంకె చెప్పదు. అయినను ఆ పట్టిక చూచిన నాడు నాకొక సంగతి బోధపడినది. మా యింటి దుఃఖము మా యొక్క యింటిది కాదు.

పేరు కావలెనన్న నెక్కడ వెదకవలెను? ఇచ్చట నొక విచిత్రము కలదు. ఊరిలో మిగిలిన పేదవాని పేరు ఏ కాగితమునను లేకపోవచ్చును. కూలికై ఓడ యెక్కిన పేదవాని పేరు మాత్రము పదిలముగా నున్నది. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ చెన్నపట్టణము నుండి మనవారిని దక్షిణాఫ్రికాలోని నెటాలునకు చేర్చెను. 1911 వఱకు అట్లు పోయినవారు 1,52,184 మంది. వారిలో ఎక్కువ భాగము చెన్నపట్టణపు రేవున ఎక్కినవారే. ప్రతి మనుష్యునకును ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గుర్తులు వ్రాసికొనిరి. వారి మేలు కోరి వ్రాసినది కాదు, కూలివాడు పారిపోయిన పట్టుకొనుటకు వ్రాసినది. అదియే నేడు వారి మునిమనుమలకు స్వగ్రామమునకు త్రోవ చూపుచున్నది. మారిషసు, ఫిజీ దీవులకు పోయినవారికిని ఇట్టి పుస్తకములే కలవు.

దేశములోనే యున్నవారికి భూమి కాగితములే శరణ్యము. 1858లో చెన్నపురి రాజధానిలో నేర్పడిన ఇనాము కమిషను వారి రిజిస్టర్లలో మాన్యము మొదట నెవరికిచ్చిరి, అప్పుడెవరి యనుభవములో నున్నది యను వివరము లుండును. సర్వే సెటిల్మెంటు పుస్తకములలో పట్టాదారుల పేర్లుండును. అంతకు పూర్వపు సంగతులకు మెకంజీ దొర వ్రాయించిన కైఫీయతులు కలవు. వానిలో గ్రామ కరణముల వంశములు తఱచుగా కనబడును. గయా, కాశీ క్షేత్రములలో పండాల పుస్తకములు సరేసరి. కాని భూమి లేనివానికి, యాత్ర చేయలేనివానికి వీనిలో చోటు లేదు.

వెదకువారు మఱవరాని జాగ్రత్తలు రెండు. మొదటిది, ఊరి పేరొకటియే చాలదు, ఆ నాటి జిల్లా యేదో తెలియవలెను. అనంతపురము జిల్లా 1882లోను, గుంటూరు 1904లోను, చిత్తూరు 1911లోను ఏర్పడినవి. గుంటూరు సీమవాని ఊరు 1871 నాటి నివేదికలో కృష్ణా జిల్లాలో నుండును. రెండవది, గుమాస్తా చెవికి వినబడినట్లు పేరు వ్రాసెను. మన ఇంటిపేరు చాలచోట్ల ఉండనే యుండదు. వయస్సు ఉజ్జాయింపు. కావున పేరొక్కటి కలిసినంత మాత్రమున మనవాడని నిశ్చయింపరాదు. పేరు, తండ్రి పేరు, ఊరు ఈ మూడును కలియవలెను.

నాకు నెటాలు పట్టికలో నొక పేరు దొరకినది. పేరు సరిపోయినది, తండ్రి పేరు సరిపోయినది. ఊరి పేరు మాత్రము మాదనవచ్చును, కాదనవచ్చును. ఆ వ్రాత అట్లున్నది. చాలకాల మాలోచించితిని. కడకు వంశవృక్షములో ఆ కొమ్మను సిరాతో వ్రాయక పెన్సిలుతో వ్రాసి, ప్రక్కన ఓడ సంఖ్యను చేర్చితిని. ఊహను నిజమని వ్రాసినచో ముందు తరమువారిని మోసగించినట్లగును. తెలిసినంత వ్రాసి, తెలియనిది తెలియదని వ్రాసినచో వారెవరైనను పూర్తి చేయవచ్చును.

తుదకొక్క మాట. ఆ కాలపు గణకులకు, ఇంటివారు ఆడువారి పేర్లు చెప్ప నిష్టపడనిచో "స్త్రీ" యని మాత్రము వ్రాసికొమ్మని సూచన యుండెడిది. పట్టాలలోను వారి పేర్లు అరుదు. మన తర్పణ విధిలో నన్ననో, తల్లిని, నాయనమ్మను, ఆమె యత్తగారిని పేరు పెట్టి పిలిచియే నీళ్లు విడుచుచున్నాము. మూడు తరముల స్త్రీల పేర్లు ఆ నోటిలెక్కలోనే బ్రదికియున్నవి. అవి నోటనే యున్నచో నాలుగవ తరమునకు పోవును. కావున దూరపు భాండాగారములకు పోవుటకు ముందు, నేటి సాయంకాలమే మీ యింటిలోని పెద్దమ్మ ప్రక్కన కూర్చుండి ఆమె యెఱిగిన పేర్లన్నియు వ్రాసికొనుడు. భాండాగారములోని కాగితము మఱుసటి యేడును అచ్చటనే యుండును.