గుండు తిన్నగా పోదు

బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడే గార్డు చేతిలోని 12 బోరు జోడు గొట్టాల తుపాకీని నేను ఏళ్ల తరబడి చూశాను. దాని గొట్టం చివర చిన్న పూస తప్ప గురి సరిచేసుకునే సాధనం మరేదీ ఉండదు. దగ్గరి పనికి అది చాలు. 200 గజాల దూరాన నిలిచిన జంతువును కొట్టాలంటే మాత్రం రైఫిలు కావాలి. దాని గురి ముందే సరిచేసి ఉండాలి. ఇందులోని లెక్క ఆసక్తికరమైనది.

గొట్టం విడిచిన క్షణం నుంచే గుండును భూమి కిందికి లాగుతుంది. మన చూపు సరళరేఖ, గుండు దారి వంపు. అందుకే చూపురేఖకన్నా గొట్టం వెంట్రుకవాసి పైకి చూసేలా అమరుస్తారు. గుండు దగ్గరలో ఒకసారి చూపురేఖను దాటి పైకి పోయి, దూరాన మళ్లీ దానిమీదికి దిగుతుంది. ఆ రెండో చోటు ఎన్ని గజాల వద్ద ఉండాలో తేల్చుకోవడమే గురి సరిచేయడం.

అమెరికాలో జింకల వేటకు విరివిగా వాడే .30-06 రైఫిలునే తీసుకుందాం. 180 గ్రెయిన్ల గుండును 200 గజాలకు సరిచేస్తే, 100 గజాల వద్ద సుమారు 2 అంగుళాలు పైన తగులుతుంది. 300 గజాల వద్ద 8, 9 అంగుళాలు కిందికి పోతుంది. తుపాకీని ఇసుక సంచిమీద ఆనించి, ముందు 25 గజాల్లో, తర్వాత 100 గజాల్లో కాగితంమీద మూడేసి గుండ్లు కాలుస్తారు. ఒక్క గుండును నమ్మరు. మూడింటి నడిమి చోటును కొలుస్తారు. పైన బిగించిన దుర్భిణి మరను ఒక మెట్టు తిప్పితే, చాలా రకాల్లో 100 గజాల వద్ద పావు అంగుళం జరుగుతుంది. 2 అంగుళాలకు 8 మెట్లు. గొట్టం చల్లారాక మళ్లీ కాల్చి చూస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటారా? పూర్తిగా తప్పిన గుండుకన్నా సగం తగిలిన గుండే ప్రమాదం. 1907లో కుమావూఁలో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని ఆయన లెక్క. దాని కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. అది పాత తుపాకీ గాయమనీ, అందువల్లనే సహజమైన ఆహారాన్ని వేటాడలేక మనుషులమీద పడిందనీ కార్బెట్ రాశాడు. ఎవరో పేల్చిన గుండు ప్రాణం తీయకుండా వదిలేసింది. ఆ బాకీ ఊళ్లు తీర్చాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వినోదానికి వన్యమృగాలను వేటాడటం నేరం. ఆ విద్య ఇప్పుడు క్రీడలో బతికి ఉంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిలు పోటీలో కొల్హాపూర్ జిల్లా యువకుడు స్వప్నిల్ కుసాలే కంచు పతకం తెచ్చాడు. అక్కడా పోటీకి ముందు గురి సరిచూసుకోవడానికి సమయమిస్తారు. ఆ గుళ్లకు మార్కులుండవు. మన పిల్లలు రైఫిలు పట్టాలని ముచ్చటపడితే, మార్కులు లేని ఆ గుళ్లను ఓర్పుతో కాల్చడమే ముందుగా నేర్పాలి.