దిగాల్సిన చోట దిగని విమానం

ఈ నెల గోడపత్రికకు ప్రయాణాల గురించి రాయమని మేడమ్ చెప్పినారు. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. కానీ ఒక విమానం కోసం ఏడు గంటలు ఎదురుచూసినాను. ఆ ఏడు గంటల గురించి, ఆ తర్వాత చదివి తెలుసుకున్న సంగతుల గురించి రాస్తాను. మనలో చాలామందికి విదేశాల్లో అక్కలో అన్నలో ఉన్నారు. వాళ్ల కాన్పులకు, పిల్లల్ని చూసుకోవడానికి పోయివచ్చే అమ్మలు, పెద్దమ్మలు ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

మా ఊరు వెంకటమ్మనహళ్లి, పావగడ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా పెద్దమ్మకు ఈ రెండూ తప్ప వేరే భాష రాదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఆమె అమెరికాలో ఉన్న కూతురి కాన్పుకు పోయి, ఆరు నెలలుండి, సంక్రాంతి అయిన వారానికి తిరిగి వస్తా ఉంది. మధ్యలో ఒకచోట విమానం మారి, తెల్లవారుజామున 4.45కు బెంగళూరులో దిగాలి.

మామ ఒక కారు మాట్లాడినాడు. రాత్రి భోజనాలు చేసి హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా దేవనహళ్లి విమానాశ్రయానికి పోయినాం. చేరేసరికి నాలుగు. దారంతా మంచు. కారు దీపాల ముందు పది బారల దూరం కూడా కనబడలేదు.

ఐదైంది, ఐదున్నరైంది. బయట పెట్టిన తెరమీద పెద్దమ్మ విమానం ఎదురుగా ఒక మాట వచ్చింది: డైవర్టెడ్. మామ కూడబలుక్కొని చదివినాడు గానీ అర్థం చెప్పలేకపోయినాడు. మా అమ్మ, "ఏందిరా అది? ఏమన్నా అయిందా? నిజం చెప్పు" అని మామ చొక్కా పట్టుకుంది. పక్కన నిలబడిన ఒకాయన కన్నడంలో చెప్పినాడు: "ఏమీ కాలేదమ్మా. ఇక్కడ మంచు. విమానాన్ని మద్రాసుకు పంపించినారు." అప్పటికి గానీ అమ్మ కూర్చోలేదు.

విమానం దారి ఎందుకు మళ్లుతుంది?

చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆడకపోతే నేల తొందరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలిలోని తేమ సన్నని చుక్కలై మంచుగా నిలబడుతుంది. దేవనహళ్లి ఎత్తైన పీఠభూమి మీద ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ మంచు పట్టడం మామూలే. పొద్దెక్కితే విడిపోతుంది.

దిగేముందు పైలట్‌కు రన్‌వే మీద కనీసం ఇంత దూరం కనబడాలని లెక్క ఉంటుంది. మామూలు సాధనాలతో అయితే 550 మీటర్లు కనబడాలి. ఇప్పుడు బెంగళూరులో 50 మీటర్లు కనబడినా దిగడానికి సాయపడే సాధనాలు వచ్చాయి. అయితే నేలమీద సాధనం ఉంటే చాలదు. విమానంలో దానికి తగిన పరికరం, పైలట్‌కు తగిన శిక్షణ కూడా ఉండాలి.

మరి మంచు విడిపోయేదాకా పైనే తిరగొచ్చు కదా? తిరుగుతారు, కొంతసేపు. విమానంలో గమ్యం చేరడానికి, అక్కడ కుదరకపోతే ముందే అనుకున్న ఇంకో విమానాశ్రయానికి పోవడానికి, ఆపైన అరగంట గాలిలో నిలవడానికి సరిపడా ఇంధనం తప్పకుండా ఉండాలి. ఆ చివరి అరగంట ఇంధనాన్ని ముట్టుకునే పరిస్థితి రాకముందే పైలట్ పక్క ఊరికి తిప్పేస్తాడు. మన పావగడ బస్సు వంక పొంగితే ఇంకో దారిన పోతుంది కదా, అట్లాంటిదే ఇది. తేడా ఒక్కటే. బస్సులో కండక్టరు మన భాషలో గట్టిగా అరిచి చెప్తాడు.

మంచు ఒక్కటే కారణం కాదు. ప్రయాణికుల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే దగ్గరి ఊళ్లో దించుతారు. ఇంజనులో లోపం కనబడితే దించుతారు. బెదిరింపు వస్తే వెనక్కి తిప్పుతారు. 2025 జూన్ 15న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాదుకు బయలుదేరిన లుఫ్తాన్సా విమానం బాంబు బెదిరింపు వల్ల దారిలోనే వెనక్కి తిరిగి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దిగింది. ప్రయాణికులు మర్నాడు మళ్లీ బయలుదేరారు. దారి మళ్లించడమంటే ప్రమాదం జరిగిందని కాదు, జరగకుండా చూసుకున్నారని అర్థం. ఆ రోజు మా అమ్మకు ఈ ఒక్క మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

లోపల ఏం జరిగింది?

ఇది పెద్దమ్మ చెప్పగా విన్నది. దిగబోతున్నామని చెప్పంగానే ఆమె తిండికి ముందు వేసుకునే షుగరు మాత్ర వేసుకుంది. "గంటలో బయటికొస్తా, మీ అమ్మ తెచ్చిన ఇడ్లీ తింటా అనుకున్నా" అంటుంది. విమానం దిగలేదు, తిరగతా ఉంది. తర్వాత ఇంగ్లీషులో ఏదో చెప్పినారు. ఆమెకు అందులో 'చెన్నై' అన్న ఒక్క మాటే అర్థమైంది.

ఆరు గంటలకు చెన్నైలో దిగినారు. తలుపు తెరవలేదు. మూడున్నర గంటలు అట్లే కూర్చోబెట్టినారు. పెట్టాల్సిన తిండి అంతకుముందే పెట్టేసినారు. నీళ్లు మాత్రం కొంచెం కొంచెం ఇస్తా వచ్చినారు. మరుగుదొడ్ల దగ్గర వరుస. పిల్లలు ఒకటే ఏడుపు. పెద్దమ్మ ఫోనులో అమెరికా సిమ్ము ఉంది, అది ఇక్కడ పలకలేదు.

అర్ధగంట గడిచేసరికి ఆమెకు చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది. చక్కెర పడిపోతా ఉందని ఆమెకు తెలుసు. విమానంలో పనిచేసే అమ్మాయి రెండుసార్లు పక్కనుంచే పోయింది. పెద్దమ్మ పిలవలేదు. "ఏమని అడగాల? నా మాట ఆ పాపకు రాదు. ఆ పాప మాట నాకు రాదు. అందరూ చూస్తారని సిగ్గు" అంటుంది. కళ్లు తిరుగుతా ఉండాయి తల్లీ అని తనలో తాను అనుకుంటా ఉంటే, వెనక వరుసలో ఉన్న ఒక మదనపల్లె అమ్మాయి విన్నది. లేచి వచ్చి, "ఏమైందత్తా?" అనడిగింది. అంతే. రెండు నిమిషాల్లో పళ్లరసం, చక్కెర పొట్లాలు వచ్చినాయి. ఎవరో బిస్కెట్లు ఇచ్చినారు. ఆ అమ్మాయి ఫోనులోంచే మామకు ఫోను వచ్చింది.

విమానంలో మందు ఉంది, తిండి ఉంది, సాయం చేసే మనుషులున్నారు. అడిగే మాట ఒక్కటే లేదు.

తలుపు ఎందుకు తెరవరు?

ఇది అందరికీ కోపం తెప్పించే సంగతి. నేల కనబడతా ఉంటుంది, కాలు పెట్టనివ్వరు. విదేశం నుంచి వచ్చే విమానంలో ప్రయాణికులు దిగారంటే పాస్‌పోర్టు తనిఖీ, కస్టమ్స్, సామాన్ల తనిఖీ అన్నీ ఆ ఊళ్లోనే చెయ్యాలి. తిరిగి ఎక్కించాలంటే భద్రతా తనిఖీ మళ్లీ మొదటినుంచి. మంచు రెండు గంటల్లో విడిపోతుందనుకుంటే, దించి ఎక్కించడం కన్నా కూర్చోబెట్టి ఇంధనం నింపుకొని పోవడమే తొందరగా అవుతుంది. అదే సమయానికి అట్లా వచ్చిన విమానాలు నాలుగైదు ఉంటే మెట్లకూ ఇంధనం బండికీ కూడా వరుస కట్టాలి.

ఇంకోటి, పైలట్ల పనిగంటలు. ఇన్ని గంటలకు మించి విమానం నడపకూడదని చట్టం ఉంది. ఆ గడువు దాటితే, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా, వేరే పైలట్లు వచ్చేదాకా విమానం కదలదు. అలసిన మనిషి చేతిలో అన్ని ప్రాణాలు పెట్టకూడదు కదా.

మన దేశంలో విమానాల నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ నియమాల ప్రకారం ఎక్కువసేపు ఆలస్యమైతే తిండి, నీళ్లు ఇవ్వాలి. ఆలస్యం 24 గంటలు దాటితే బస చూపించాలి. మంచు, తుఫాను లాంటి కారణాలకు డబ్బు పరిహారం రాకపోవచ్చు. కానీ తిండీ నీళ్లూ అడిగే హక్కు మనకుంది. అడగడం తప్పు కాదు.

మగదాన్‌లో రెండు రోజులు

పెద్దమ్మది మూడున్నర గంటల కథ. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరిన ఎయిరిండియా విమానానిది అంతకన్నా పెద్ద కథ. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. దారిలో ఒక ఇంజనులో లోపం కనబడితే రష్యా తూర్పు కొసన, ఓఖోట్స్క్ సముద్రం ఒడ్డున ఉన్న మగదాన్ అనే ఊళ్లో క్షేమంగా దింపారు.

అంత మూలనున్న ఊరు ఎందుకంటే, రెండింజన్ల విమానాలకు ఒక నియమం ఉంది. దారిలో ఎక్కడున్నా సరే, ఒక ఇంజను ఆగిపోతే రెండోదాని మీద ఇన్ని గంటల్లోపల చేరగలిగే విమానాశ్రయం ఒకటి ఉండాలి. కాబట్టి దూర ప్రయాణాల పటం మీద అట్లాంటి చిన్న ఊళ్లను ముందే గుర్తుపెట్టుకుంటారు. అవి విమానాన్ని దించుకోగలవు. కానీ రెండు వందల మందికి పైగా జనం ఒక్కసారిగా దిగితే వాళ్లను పడుకోబెట్టే హోటళ్లు ఉండకపోవచ్చు.

మగదాన్‌లో అదే జరిగింది. హోటళ్లు చాలక చాలామందిని బడిలోనూ వసతిగృహంలోనూ ఉంచారు. నేలమీద పరుపులు వేసుకొని పడుకున్నామని, తిండి అలవాటు లేనిదని, భాష తెలియలేదని కొందరు వార్తాసంస్థలకు చెప్పారు. సామాన్లు విమానంలోనే ఉండిపోయాయి. వృద్ధులు, పసిపిల్లలు ఉన్నారు. ముంబై నుంచి తిండి, కావలసిన వస్తువులతో ఇంకో విమానం పోయి వాళ్లను తీసుకెళ్లింది.

ఇందులో ఒక వింత ఉంది. వాళ్లు మగదాన్‌లో జూన్ 8 ఉదయం బయలుదేరారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేసరికి అక్కడ జూన్ 8 అర్ధరాత్రి దాటి కొద్ది నిమిషాలే అయింది. అంటే బయలుదేరిన గంట కన్నా ముందు గంటకే చేరారు! మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటడమే కారణం. మన భూగోళ పాఠంలో ఉన్న గీతే అది.

గాండర్ ఊరు

దిగినచోటి జనం ఎట్లా చూసుకుంటారన్నది ఇంకో సంగతి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ మీద దాడి జరిగాక అమెరికా తన ఆకాశాన్ని మూసేసింది. గాలిలో ఉన్న విమానాల్లో 38 కెనడాలోని గాండర్ అనే చిన్న ఊళ్లో దిగాయి. ఊరి జనాభా దాదాపు పదివేలు. దిగినవాళ్లు ఆరున్నర వేలు. తనిఖీల వల్ల కొందరు దాదాపు ఒక రోజంతా విమానంలోనే గడిపారు. సమ్మెలో ఉన్న బస్సు డ్రైవర్లు సమ్మె ఆపి వాళ్లను తీసుకుపోవడానికి వచ్చారు. బడులు, చర్చిలు, ఇళ్లు తెరిచారు. మందులు సామాన్లలో ఉండిపోయినవాళ్లకు ఊళ్లోని మందుల షాపులవాళ్లు విచారించి మందులు ఇచ్చారు. గాండర్ వాళ్లు చేసింది, మదనపల్లె అమ్మాయి చేసింది ఒకటే అనిపిస్తుంది నాకు. "ఏమైంది?" అని ముందుగా అడిగినారు.

మనవాళ్లను పంపేటప్పుడు

1. మందులు చేతిసంచిలోనే పెట్టాలి. రెండు రోజులకు సరిపడా ఎక్కువ పెట్టాలి. డాక్టరు రాసిచ్చిన చీటీ తోడుగా ఉండాలి.

2. షుగరు ఉన్నవాళ్లు విమానం నేలమీద వాలి, తిండి చేతికి వచ్చాకే తిండిముందు మాత్ర గురించి ఆలోచించాలి. దీని గురించి బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. నాలుగు బిస్కెట్లు, కొంచెం బెల్లమో చక్కెరో దగ్గర ఉంచుకోవాలి.

3. ఇంటి ఫోను నంబరు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫోను ఆరిపోతే అందులోని నంబర్లు కూడా ఆరిపోయినట్లే.

4. ఎక్కంగానే పక్కసీటు వాళ్లను పలకరించమని చెప్పాలి. తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగమనాలి. అడగడానికి సిగ్గుపడొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

5. ఎదురుచూసే మనం తెరమీద 'డైవర్టెడ్' అని కనబడితే భయపడకూడదు. కౌంటరు దగ్గరికి పోయి రెండు ప్రశ్నలు అడగాలి: ఏ ఊళ్లో దిగింది? ఎందుకు? ఆ సంగతి ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు వెంటనే చెప్పాలి.

ఆ రోజు పెద్దమ్మ బయటికి వచ్చేసరికి పదకొండు. ఎండ చురుక్కుమంటా ఉంది, మంచు పడిన గుర్తే లేదు. ఇడ్లీలు చల్లారి గట్టిపడినాయి. ఆమె కారులో కూర్చొని అవే తినింది.

రెండేళ్ల కిందట రెండో మనవరాలి కోసం మళ్లీ పోయింది. అప్పుడు నేనొక చీటీ రాసిచ్చినాను. ఒకపక్క తెలుగు, ఒకపక్క ఇంగ్లీషు: "నాకు షుగరు ఉంది. ఆరోగ్యం బాగలేదు. తినడానికి తియ్యగా ఏదైనా ఇవ్వండి. తెలుగు వచ్చినవాళ్లను పిలవండి." ఆసారి విమానం దిగాల్సిన చోటే, దిగాల్సిన వేళకే దిగింది. చీటీ తీసే పని పడలేదు. అయినా అది ఇప్పటికీ ఆమె పర్సులోనే ఉంది. పావగడ సంతకు పోయినా అది వెంట ఉంటుంది.

— ద్వితీయ బి.ఏ. విద్యార్థిని, వెంకటమ్మనహళ్లి